ఎనిమిదీ పనిచేసిన రోజు

ఆ వేసవి సెలవుల్లో లెక్కల మాస్టారూ నేనూ రోజూ బడికి వెళ్ళేవాళ్ళం. చిలకలూరిపేటలో మా చర్చి బడికి ఎవరో ఒక మంచి కంప్యూటర్ ఇచ్చారు. మాస్టారు దాంట్లో విండోస్‌కి బదులు, ఉచితంగా దొరికే లినక్స్ వేశారు. పిల్లలు బొమ్మలు గీసుకునే ప్రోగ్రామ్ ఒకటి దొరికితే, తెలుగు టీచర్ని గనక దాని మెనూలన్నీ తెలుగులో రాసిచ్చాను. ఆ మాటలు తెర మీద కనబడాలంటే ప్రోగ్రామ్ మొత్తాన్ని కోడ్ నుంచి మళ్ళీ తయారుచేసి ప్యాకేజీ కట్టాలట. నాకేం తెలుసు?

దానికి మూడు గంటల పైనే పట్టేది. తొమ్మిదింటికి మొదలుపెడితే పదకొండింటికి కరెంటు పోయేది. యూపీఎస్ కాసేపు కూతపెట్టి ఊరుకునేది. కరెంటొచ్చాక మళ్ళీ మొదటినుంచీ. నాలుగు రోజులు ఇదే వరస.

"ఇన్షా అల్లా, రేపు అయిపోద్ది మేడమ్," అనేవారు మాస్టారు, టిఫిన్ డబ్బా సర్దుకుంటూ.

ఐదో రోజు ఊసుపోక, అసలు లోపల ఏం జరుగుతోందో చూపించమన్నాను. ఆయన ఒక పట్టిక తెరిచారు. ఎనిమిది గీతలున్నాయి, లోపల లెక్కలు చేసే ఎనిమిది కోర్లకూ ఒక్కొక్కటట. ఒకటి నిండుగా ఉంది. ఏడు ఖాళీ.

"మిగతా ఏడూ ఏం చేస్తున్నాయి సార్?"

మాస్టారు కళ్ళజోడు తుడుచుకుని సెట్టింగుల ఫైలు తెరిచారు. ఒకేసారి ఎన్ని పనులు చేయాలో చెప్పే వరుస అక్కడే ఉంది. కానీ దాని ముందు హాష్ (#) గుర్తుంది. అది ఉంటే కంప్యూటర్ ఆ వరుసను చదవదట. గుర్తు తీసేసి, ఎనిమిది అని రాసి, పని మళ్ళీ మొదలుపెట్టారు.

ఎనిమిది గీతలూ ఒక్కసారి పైకి లేచాయి. ఫ్యాను హోరెత్తింది. అక్షరాలు చదవడానికి అందకుండా పరిగెత్తాయి. అరగంటలోపే అయిపోయింది! ప్రోగ్రామ్ తెరిస్తే పైన మూలన 'కుంచె' అని నా మాట. తెర మీద వేలు పెట్టి చూసుకున్నాను. స్టాఫ్ మీటింగుల్లో ఎన్నడూ నవ్వని మాస్టారు పకపకా నవ్వారు.

ఇక మమ్మల్ని పట్టేవాళ్ళు లేరు. గడియారం, పేకాట, మాకు అక్కర్లేనివన్నీ తయారుచేశాం. అసలు అంకె ఇవ్వకపోతే ఏమవుతుందో చూద్దామన్నాను. ఆయన వరుసను ఉంచి అంకె మాత్రం తీసేశారు. హద్దు లేకపోయేసరికి కంప్యూటర్ దొరికిన పనల్లా ఒకేసారి నెత్తికెత్తుకుని బిగుసుకుపోయింది. మౌస్ కదలదు. ఫ్యాను మాత్రం అరుస్తోంది.

ఆ మోతకు హెడ్మిస్ట్రెస్ గారు వచ్చారు. మాస్టారు దొరికిపోయిన పిల్లాడిలా లేచి నిలబడి జరిగిందంతా చెప్పారు. ఆవిడ ఓపిగ్గా విన్నారు.

"అయితే ఇన్నాళ్ళూ ఒకళ్ళు పాఠం చెప్తుంటే ఏడుగురు స్టాఫ్ రూములో కూర్చున్నారన్నమాట."

"అవునండి."

"ఇప్పుడేమో బడంతా ఒకే గదిలోకి దూరింది."

నేను నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నా నవ్వు ఆగలేదు. ఆవిడే బటన్ నొక్కి మెషీన్ ఆపి, మళ్ళీ ఎనిమిదే పెట్టమన్నారు. తర్వాత కుర్చీ లాక్కుని కోడిపెట్ట బొమ్మ గీశారు. అది కుండలా వచ్చింది. ముగ్గురం కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వాం.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళే మార్టూరు బస్సులో పక్కన కూర్చున్న ఆవిడెవరో నాకు తెలియదు. అయినా ఉండబట్టలేక చెప్పాను.

"ఎనిమిదీ పనిచేశాయండీ."

"మంచిదేగా అమ్మా," అంటూ ఆవిడ కాస్త జరిగి నాకు కిటికీ పక్క చోటిచ్చింది.