పొంగని చుక్కలు

కొత్తగ కొలువుల చేరిన ఆ రోజుల్ల నాకు ఎవరి మీదా నమ్మకం లేకుండె. సూర్యాపేటల ఓ ప్రైవేటు దవాఖానల నర్సును. మందు సీసా మీది తేదీ మూడుసార్లు సూసేదాన్ని, పక్క సిస్టరు సూసిన అన్నదంటే ఇంకోసారి సూసేదాన్ని. (మా పెద్దసిస్టరు నాకు 'పోలీసమ్మ' అని పేరు పెట్టింది. నేనది మెచ్చుకోలు అనుకున్న.) గట్లున్న నాకు నడిగూడెం దిక్కునుంచి గొర్లు కాసుకునే ఓ తాత దొరికిండు. కిడ్నీల గడ్డ. ఆపరేషన్‌కు ముందు స్కానింగ్ తియ్యాలె, అండ్ల గడ్డ సాఫ్‌గ కనవడాలంటే నరానికి అయోడిన్ మందు ఎక్కియ్యాలె. పోయినసారి ఎక్కిస్తే ఒళ్లంత దద్దుర్లు లేసి, గొంతు పూడుకపోయి, చావుదాక పోయొచ్చిండు. అసొంటి మందులే ఇంకో మూడు రకాలున్నయి. ఒకటి పడనోనికి తక్కినయి పడ్తయా లేదా తెల్వాలె. అందుకని డాక్టర్ సారు తాత చేతిమీద పెన్నుతోని ఐదు సున్నలు గీసి, నాలుగింట్ల నాలుగు మందులు, ఐదోదాంట్ల పోల్చి సూసుకోను ఉత్త ఉప్పునీళ్లు చుక్కేసి, సూదితోని సన్నగ గుచ్చిండు. ఇరవై నిమిషాలు కనిపెట్టమని నన్ను కూసోవెట్టి పోయిండు.

నేను తాతను, తాత నన్ను అనుమానంగ సూసుకుంట కూసున్నం. గింత చుక్క ఏం పని జేస్తది, నా గొర్రెకే ఇంతకంటె ఎక్కువేస్త అని గొణిగిండు. నేను గడియారం దిక్కు సూసిన. పది నిమిషాలకు పాతమందు కాడ చింతగింజంత పొంగింది. తక్కినయి సల్లగున్నయి. రాసుకోను కాయితం తెచ్చేసరికి అన్నీ ఎర్రగ కంది ఉబ్బినయి, ఉప్పునీళ్లది గూడ.

ఉప్పునీళ్లు పడని మనిషుంటడా? సీసాలు మార్చిండ్రా అని కాంపౌండర్ను అనుమానించిన, ఆఖరికి డాక్టర్ సారును గూడ (దేవుడు నన్ను క్షమించాలె). ఏదీ పడదని రాస్తే స్కానింగ్ ఆగుతది, గడ్డ గట్లనే పెరుగుతది. ఏడుపొక్కటే తక్కువ. అప్పుడు కనవడ్డది తాత బొటనగోటి కింద నీలంగ పెన్ను సిరా.

గట్టిగ అడిగితే చెప్పిండు. గొర్రెకు టీకా ఏస్తే పొంగుతదట, పొంగితేనే పట్టినట్టట. తనకు ఒక్కటే పట్టింది, ఇగ ఆపరేషన్ చెయ్యరేమోనని పరేషానై తక్కినయన్నీ గోటితోని గీకిండట.

"తాతా, పొంగితే నీకు పడదన్నట్టు. పొంగనిదే మంచిది," అన్న.

తాత నన్ను నిదానంగ సూసిండు. "గా ముచ్చట గుచ్చకముందు ఎవరన్న చెప్పిండ్రా బిడ్డా?"

రెండో చేతికి మళ్ల గుచ్చినం, ఈసారి ఆ చెయ్యి నేనే పట్టుకుని కూసున్న. పాతమందొక్కటే పొంగింది. పొంగని మందొకటి ఎంచుకుని, సారు పక్కన నిలవడంగ, పానం గుప్పిట్ల పెట్టుకుని స్కానింగ్ గదిల ఎక్కించినం. ఒక్క దద్దు లేవలె. బయటికొచ్చినంక తాత చేతులు అటిటు తిప్పి సూసుకుని, "ఏం పొంగలే, మంచిదే గద?" అని మెల్లగ అడిగిండు. మంచిదే తాతా అంటే నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి. అప్పటి ఆ పోలీసమ్మ పిల్ల యాదికొస్తే ఇప్పుడు నవ్వొస్తది. అందర్ని అనుమానించింది గని, తను చెప్పకుండ మింగిన ఒక్కమాట మీద దానికి అనుమానమే రాలె.