బోణీ చేసే చెయ్యి

దేవునికి స్తోత్రం. ఎండిన నేల మీద కూడా తన పిల్లలను మరువని తండ్రికి స్తోత్రం. వాన కురిపించినా, ఆపినా ఆయన నీతిమంతుడే. ఈ మాట అనడానికి నా నాలుక తడబడిన దినాలున్నాయి. అందుకే ముందుగానే అంటున్నాను.

మాది నల్లమాడ దగ్గర ఒక పల్లె. పోయిన ఏడు శనక్కాయ ఊడలు భూమిలోకి దిగే వేళకు వాన మొహం చాటేసింది. చివరికి ఎండిన చేన్లోకి గొర్రెలను తోలించాము. మా ఇంటాయన గట్టు మీద కూర్చుని, అవి మేసి పోయేదాకా చూశాడు. ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఇక లేవలేదు. జ్వరం లేదు, నొప్పి లేదు. అన్నం కలిపి ముందర పెడితే ఈగలు వాలేదాకా అట్లే ఉండేది. "నా చెయ్యి పడితే ఏదీ బతకదు. నన్ను వదిలెయ్" అనేవాడు, అదొక్కటే మాట. ఆ మాట విన్నాక పురుగుమందు డబ్బాను దొడ్లో గుంత తీసి పూడ్చిపెట్టాను. బావి వైపు ఎవరి చెప్పుల చప్పుడైనా వినిపిస్తే పరుగెత్తేదాన్ని.

ఉపవాసముండి ప్రార్థించాను. సంఘంలోని ఆడవాళ్లు వచ్చి మంచం చుట్టూ మోకరించారు. ఆయన కళ్లు తెరవలేదు. ఎందరి ఇళ్లకో పోయి ధైర్యపు వాక్యాలు చదివిన నేను, మా ఇంట్లో బైబిలు మూసి పెట్టేశాను.

మా వీధి చివర శెట్టమ్మ అంగడి. ఒక్క గది, రెండు చెక్క తలుపులు, దూలానికి వేలాడే షాంపూ పొట్లాలు. పొద్దున్నే బోణీ ఎవరు చేస్తారన్నది ఆమెకు పెద్ద పట్టింపు. మా ఇంటాయన చెయ్యి మంచిదని ఆమె నమ్మకం. చేనికి పోతూ ఆయన ఒక అగ్గిపెట్టె కొన్నాకే తక్కెడ కళ్లకద్దుకుని మిగతావాళ్లకు తూచేది. మంచి చెయ్యి, చెడ్డ చెయ్యి అనేవాటిని మేము నమ్మము. చేతుల పనిని దీవించేవాడు ఒక్కడే.

అంగడి వదిలి కదలని ఆ మనిషి ఒక పొద్దున మా గడపలో నిలబడింది.

"ఏమప్పా, ఎన్నాళ్లు పండుకుంటావు? వాళ్లతో వీళ్లతో బోణీ చేయించి చూసినా. బేరాల్లేవు. లేయ్."

ఆయన గోడకే చెప్పాడు. "నా చెయ్యి చెడిపోయిందమ్మా. విత్తిందంతా మాడిపోయింది. నీ అంగడి కూడా మునుగుతాది."

"వాన రాక మాడింది. నీ చేతిలో ఏమన్నా మబ్బులుండాయా?" ఆమె గొంతు లేచింది. "ఈ పొద్దు నువ్వొచ్చేదాకా నేను తలుపు తీసేది లేదు. ఊరంతా టీ తాగకుంటే తాగకపోనీ!"

పోయి మూసిన తలుపుల ముందర అరుగు మీద కూర్చుంది. జనం చేరారు. వాళ్ల మాటలు మా ఇంట్లోకి వినబడుతున్నాయి.

"తలుపు తియ్ శెట్టమ్మా, టీపొడి కావల్ల, పొయ్యి మీద పాలు పొంగుతాండాయి!"

"ఆయప్ప రావల్ల."

"ఆయప్ప ఏమన్నా కలెక్టరా, రిబ్బన్ కత్తిరించేకి?"

నవ్వులు. నేను వంటింట్లో మోకాళ్ల మీద ఉన్నాను. ప్రభువా, ప్రభువా అనడం తప్ప వేరే మాట రాలేదు. ఎండ గడప దాటి లోపలికొచ్చింది. అప్పుడు మంచం కిర్రుమంది.

చొక్కా గుండీలు ఒకదానికొకటి తప్పించి పెట్టుకున్నాడు. నేను సరిచేయలేదు. ఆపితే మళ్లీ పడుకుంటాడేమోనని భయం. గోడలు పట్టుకుంటూ వీధి చివరిదాకా పోయాడు, వెనకే నేను. ఇప్పుడు ఎవరూ నవ్వలేదు. శెట్టమ్మ తలుపు తీసి అగ్గిపెట్టె ఇచ్చింది. అది ఆయన వేళ్ల సందుల్లోంచి జారి కింద పడింది.

"బోణీ అప్పుడే కింద పడిందే" అని ఎవరో గొణిగారు.

"పడితే అగ్గి ఆరిపోతాదా? నోర్ముయ్" అని శెట్టమ్మ దాన్ని తీసి, ఆయన అరచేతిలో పెట్టి, వేళ్లు మూసింది. ఎప్పటిలాగే కొసరుగా ఒక బెల్లం ముక్క ఇచ్చింది. ఆయన అక్కడే నిలబడి దాన్ని నోట్లో వేసుకున్నాడు.

ఈ ఏడూ వాన లేదు. కొన్ని పొద్దుల్లో మా ఇంటాయన లేస్తాడు. కొన్ని పొద్దుల్లో ఎంత పిలిచినా గోడవైపే. ఆ పొద్దుల్లో ఆ చెక్క తలుపులూ మూసే ఉంటాయి. మంచి చెయ్యి మాట నేనిప్పటికీ నమ్మను. కానీ కరువులో తన ప్రవక్తకు కాకుల చేత రొట్టె పంపిన దేవుడు, ఒక మూసిన అంగడిని వాడుకోలేడని ఎట్లా అనగలను?

తోబుట్టువులారా, ఇది రాస్తుండగా తెల్లవారుతోంది. ఆయన ఇంకా అటు తిరిగే ఉన్నాడు. నాతోపాటు ఒక్క క్షణం కళ్లు మూసుకుని అడగండి. తండ్రీ, ఈ పొద్దు కూడా ఆయనను లేపు. ఆ తలుపు తెరిపించు. ఆమేన్.