అక్క అన్న "నేనే"

మా అక్క ఏ తలుపు కొట్టినా, లోపలివాళ్లు "ఎవరూ?" అంటే "నేనే" అనేది. పేరు చెప్పేది కాదు. మా ఇంటికొచ్చినా అంతే. "నేనే అంటే ఎవరే, ఊళ్లో అందరూ నేనేగా" అని నేను దెప్పితే, "గొంతు పోల్చుకోలేని చెల్లెలు నాకెందుకు, తలుపు తియ్యి" అనేది.

నది లోయలో ఉన్న పాత హోటల్లో గదులు సర్దే పని అక్కది. తాతల కాలం నాటి రాతి గోడలు, కిర్రుమనే చెక్క మెట్లు, నదివైపు తెరుచుకునే కిటికీలు. పెళ్లికి ముందు చేరి, మోకాళ్లు అరిగేదాకా చేసింది. తడి తువ్వాలు పరుపు మీద పడేసే వాళ్లంటే మాత్రం ఒళ్లు మండేది. "ఎదురుగా కొక్కెం ఉంటే కళ్లకి ఆనదు వీళ్లకి" అనేది.

ఒకసారి మధ్యాహ్నం నిద్రలో ఉన్న ఒక పెద్దాయన ఈ "నేనే" విని, పోయిన వాళ్లావిడే వచ్చిందనుకుని మంచం మీంచి కిందపడ్డాడట. అక్క ఆ సంగతి చెప్పినప్పుడల్లా కళ్లనీళ్లొచ్చేలా నవ్వేది. "మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టానే. పాపం, సాయంత్రం దాకా ఆవిడ కబుర్లే చెప్పాడు" అని చివర్లో మెత్తబడేది.

అక్క పోయి ఏడాది కావస్తోంది. నేను గడప దాటడం లేదని మా ఆయన ఆ హోటల్లోనే గది తీసుకున్నాడు. "మీ అక్క తిరిగిన చోట ఒక్క పూట ఉండి వద్దాం, పద" అన్నాడు. నాకూ వెళ్లాలనిపించింది.

సాయంత్రం టీలప్పుడు మేనేజరు అందర్నీ హాల్లో కూర్చోబెట్టి హోటల్ చరిత్ర చెప్పాడు. చివర్లో గొంతు తగ్గించాడు. "పైన చివరి గది సర్దే పనిమనిషి ఒకతి, ఇక్కడ దిగిన పెద్దింటాయన్ని ప్రేమించింది. ఆయన వదిలేసి పోతే నదిలో దూకేసింది. ఇప్పటికీ పొద్దుగూకితే వచ్చి తలుపు కొడుతుంది. ఎవరని అడిగితే, ఏడుస్తూ 'నేనే' అంటుంది."

ఒకావిడ ఆ గది ఖాళీగా ఉందా అని ఆశగా అడిగింది.

కప్పు కింద పెట్టి లేచాను. మా ఆయన నా మోచెయ్యి పట్టుకుంటే విడిపించుకున్నాను. నలుగురిలో నోరు విప్పే మనిషిని కాను నేను.

"ఆ నేనే అన్నది మా అక్కండీ" అన్నాను. "నదిలో దూకలేదు. జబ్బు చేసి నా ఒళ్లో పోయింది. మా బావని తప్ప పరాయి మగాణ్ణి తలెత్తి చూసి ఎరగదు. ఆయన్ని కూడా రోజూ తిట్టేది."

ఎవరో కిసుక్కున నవ్వారు. మేనేజరు నన్ను పక్కకి తీసుకెళ్లాడు.

"సరదాకి చెప్పేదమ్మా. ఆవిడ పేరు ఎత్తలేదుగా, ఎవరికి నష్టం?"

"మీ అక్క పోతే ఇలాగే సరదాగా చెప్తారా? ఈ కథ ఇక చెప్పకండి."

"కథ లేకపోతే ఎలాగమ్మా? కావాలంటే ఏడుపు తీసేస్తాను. నవ్వే దెయ్యం అంటాను."

నవ్వే దెయ్యమట. వీళ్ల పక్కలు సర్ది సర్ది నడుం వంగిపోయింది మా అక్కకి. బతికున్నన్నాళ్లూ గది గదికీ తిప్పారు, చచ్చాక కూడా తిప్పుతున్నారు. సిగ్గుండాలి.

గదిలో కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తుంటే, మంచినీళ్లు పట్టుకుని ఒకావిడ వచ్చింది. అక్కతో కలిసి పనిచేసిన మనిషే. హాల్లో జరిగింది అప్పటికే విందట.

"మేమందరం అక్కయ్యని చూసే నేనే అనడం అలవాటు చేసుకున్నామండీ" అంది. "ఇప్పుడు అనకూడదట. రూమ్ సర్వీస్ అనాలట. మేమూ నేనే అంటే దెయ్యానికి విలువ పోతుందని మేనేజరు బాధ."

ఆవిడ నా వైపు కాసేపు చూసి, కూజా బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది.

పొద్దున్నే వరండాలో తలుపు చప్పుడు. నిన్న మంచినీళ్లు తెచ్చినావిడే, చివరి గది నుంచి మొదలుపెట్టింది.

"ఎవరూ?" లోపల్నుంచి ఆడగొంతు, బెదురుగా.

"నేనే!" మెట్ల కింద దాకా వినపడేలా అంది. "పక్క సర్దడానికొచ్చానండి. తడి తువ్వాలు పరుపు మీద పడెయ్యకండి."

ఆ గదిలో నవ్వు. పక్క తలుపు. మళ్లీ "నేనే". ఆ పక్క తలుపు. కింద మేనేజరు ఆవిణ్ణి పిలుస్తూనే ఉన్నాడు. ఆవిడ పలకలేదు.

మా తలుపు చప్పుడవగానే మా ఆయన లేవబోయాడు. ఆగమని సైగ చేశాను.

"ఎవరూ?" అన్నాను, తెలిసే.

"నేనే."

వెళ్లి తలుపు తీశాను.