సగం బొటనవేలి మనిషి

ఈ బరువును దించే చోటు దొరక్క ఇన్నేళ్లూ ఆటోలోనే వేసుకుని తిరిగాను. అందుకే ముందుగా ఒట్టు. నాకు అన్నం పెట్టే ఆ ఆటో మీద, దాని హ్యాండిల్ పట్టుకునే నా రెండు చేతుల మీద ఒట్టు వేసి చెబుతున్నాను. ఇక్కడ రాసే ప్రతి మాటా జరిగిందే.

బోధన్‌లో నా ఒట్టుకు ఎవరూ విలువ ఇవ్వరు. అది నేను చేసుకున్నదే. బోధన్ నుంచి నిజామాబాద్ దాకా షేర్ ఆటో నడుపుతాను, దారి పొడుగునా కథలు చెబుతాను. కందకుర్తి సంగమంలో పట్టిన చేప కడుపులో ఫోన్ మోగిందనీ, ఎత్తితే అవతలివాడు మరాఠీలో 'రాంగ్ నంబర్' అని పెట్టేశాడనీ చెప్పింది నేనే. విని నవ్వినవాళ్లు కొన్నాళ్లకు అదే కథను నాకే చెప్పారు, చేప బరువు పెంచి.

మీరు నా పేరు కోసం వెతుకుతున్నారు కదూ? ఏ అడ్డా, ఏ నంబరు ఆటో అని. వెతకకండి. వెతికేవాళ్ల కళ్లు ఎలా ఉంటాయో నాకు బాగా తెలుసు. వాటి సంగతే చెప్పబోతున్నాను.

నేను ఐడీలు ఇచ్చేవాణ్ని. ఐడీ అంటే పందేల సైట్‌లోకి పోయే తాళంచెవి. ఒక పేరు, ఒక పాస్‌వర్డ్, అంతే. సైట్ ఎక్కడో దేశం బయట ఉంటుంది. వాట్సాప్‌లో ఒక విదేశీ నంబర్ నాకు ఐడీలు పంపేది, నమ్మకమైన ప్రయాణికులకు నేను పంపేవాణ్ని. ఆ నంబర్ వెనక ఉన్నది మగో ఆడో కూడా నాకు తెలియదు. ఫొటో ఉండాల్సిన చోట ఒక పులి ఉండేది. నా ఐడీతో ఆడినవాడు ఓడితే అందులో నాకు వాటా. గెలిస్తే ఏమీ రాదు. ఒకసారి ఆగి ఆలోచించండి. నా వెనక సీటులో కూర్చుని, నాతో చాయ్ తాగి, నా కథకు కడుపు పట్టుకుని నవ్విన మనిషి ఓడిపోవాలని నేను లోపల కోరుకుంటూ బండి నడిపేవాణ్ని.

చట్టం లేక కాదు. మన రాష్ట్రంలో పైసలు పెట్టి ఆడే ఆటలను ఎప్పుడో నిషేధించారు. అప్పట్లో పెద్ద కంపెనీల యాప్‌లు ఇక్కడ తెరుచుకునేవి కావు. పోరగాళ్లు కందకుర్తి వంతెన దాటి, మహారాష్ట్ర ఒడ్డున కూర్చుని ఆడుకుని వచ్చేవాళ్లు. నేనే తీసుకుపోయేవాణ్ని. తర్వాత బయటి దేశాల సైట్లు వచ్చాయి. వాటికి వంతెనతో పనిలేదు, పొలం గట్టు మీదే తెరుచుకున్నాయి. ఢిల్లీలో కొత్త చట్టం వచ్చినప్పుడు దేశంలోని కంపెనీలు దుకాణం మూసుకున్నాయి. పులి నంబర్ మాత్రం సైట్ పేరులో ఒక అక్షరం మార్చి మళ్లీ పంపింది.

రాజన్న మా దారిలోనే కాలువ కింద వరి పండించే రైతు. ఆయన కొడుకు నరేశ్‌కు ఐడీ ఇచ్చింది నేనే. క్రికెట్‌తో మొదలుపెట్టాడు. ఒక యాసంగి పంట గడిచేసరికి రాజన్న వాకిట్లో ట్రాక్టర్ లేదు. నరేశ్ గదిలోంచి బయటికి రావడం మానేశాడు. ఐడీ ఎవరిచ్చారో తండ్రి ఎంత అడిగినా చెప్పలేదు. ఎందుకు చెప్పలేదు? నన్ను కాపాడాలనా? లేక నన్ను పట్టిస్తే పోయినదంతా మళ్లీ గెలుచుకునే దారి మూసుకుపోతుందనా? రెండోదే అని నా అనుమానం.

సొంత ట్రాక్టర్ మీద తిరిగిన మనిషి ఒకరోజు నా ఆటో ఎక్కాడు. వెనక కూర్చుని అద్దంలోంచి నన్నే చూస్తున్నాడు. ఊరికే చూస్తున్నాడా, తెలిసి చూస్తున్నాడా? నాకు అంతుపట్టలేదు.

"గా ఐడీ మన పోరగాండ్లకు ఎవడిస్తున్నడే తమ్మీ? నీ ఆటోల దునియా అంతా తిరుగుతది, నీకు ఎర్కుండాలె."

భయం వేసినప్పుడు కొందరికి మాట పడిపోతుంది. నాకు కథ వస్తుంది.

"ఎర్కే రాజన్నా. నేను సూసిన వాన్ని. కందకుర్తి బ్రిడ్జి మీదికెల్లి నల్ల బండి మీద వస్తడు."

"మొకం ఎట్లుంటది?"

"మొకం అందరి తీర్గనే. గుబురు మీసం. ఎడమ చేతి బొటనేలు మాత్రం సగమే ఉంటది."

రాజన్న అద్దంలోంచి చూపు తిప్పేసుకున్నాడు. నేను ఊపిరి పీల్చుకున్నాను. ఆ సగం బొటనవేలు ఉండబట్టే నమ్మాడు. ఉత్త మీసం చెబితే నమ్మేవాడు కాదు.

కథ నా ఆటో దిగి తన దారిన తాను పోయింది. చాయ్ హోటళ్లలో జనం గ్లాసు పట్టుకున్న చేతులను చూడడం మొదలుపెట్టారు. చెరుకు సీమలో చేతుల సంగతి మీకు తెలుసో లేదో. మూతబడ్డ చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసినవాళ్లలో, గడ్డి కోసే మిషన్ల దగ్గర పనిచేసేవాళ్లలో వేలు తెగినవాళ్లు వాడకొకరు ఉంటారు. మాకది వింత కాదు. అందుకే ఆ గుర్తు అంత తేలిగ్గా నోటికొచ్చింది. ఇప్పుడు వాళ్లంతా చేతులు జేబులో పెట్టుకుని తిరగసాగారు. జేబులో చెయ్యి ఉన్నవాణ్ని జనం ఇంకా గట్టిగా చూశారు. ఫ్యాక్టరీలో రిటైరైన ఒక పెద్దాయన నాకు కిరాయి ఇస్తూ ఎడమ చేతిని తువ్వాలు కింద దాచుకున్నాడు. ఆయనకు తెగింది చిటికెన వేలు. అయినా దాచుకున్నాడు.

ఓసారి నిజామాబాద్‌లో ఆటో ఎక్కిన ఒకావిడ నన్నే హెచ్చరించింది. "పైలం తమ్మీ, సగం బొటనేలోడు తిరుగుతుండంట. మా మోర్తాడ్‌ల గూడ సూసిండ్రంట." దాచను, గర్వపడ్డాను. నా కథ నాకంటే దూరం పోయింది.

బోధన్ బస్టాండ్ బయట విఠల్ చెరుకు రసం బండి ఉండేది. వంతెన అవతలి ఊరివాడు. సగం మరాఠీ, సగం తెలుగు కలిపి మాట్లాడతాడు. అతని ఎడమ బొటనవేలు రసం తీసే మిషన్ రోలర్ల మధ్య నలిగి సగమే మిగిలింది. అతని దగ్గర నేను ఎన్నిసార్లు రసం తాగానో. ఆ రోజు రాజన్నకు కథ చెబుతున్నప్పుడు విఠల్ నా మనసులో ఉన్నాడా? లేడని నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. నా మాట నేనే నమ్మను.

ఒక మధ్యాహ్నం బస్టాండ్ దగ్గర గుంపు కనిపించి ఆటో ఆపాను. ఎవరైనా ఫోన్‌తో పైసలు కట్టినప్పుడల్లా ఎంత పడిందో అరిచే చిన్న డబ్బా ఒకటి విఠల్ బండికి వేలాడుతుంటుంది. ఇంతమంది దగ్గర్నుంచి ఇట్లా కొంచెం కొంచెం పైసలు ఎందుకొస్తున్నాయని ఎవడో అన్నాడట. రసానికి కట్టే పైసలని ఎవరికీ తట్టలేదు, రసం తాగుతూ నిలబడ్డవాళ్లకు కూడా. నేను చేరేసరికి బండి పక్కకు ఒరిగి పడి ఉంది. రాజన్న విఠల్ ఎడమ చేతిని మణికట్టు దగ్గర పట్టి పైకెత్తి అందరికీ చూపిస్తున్నాడు.

"మెషీన్‌ల పోయింది భావూ, మెషీన్‌ల పోయింది," అంటున్నాడు విఠల్.

"మరి మీసం లేదు గదనే వీనికి?" అన్నాడు గుంపులో ఒకడు.

రాజన్న నన్ను చూశాడు.

"మంచిగొచ్చినవ్ తమ్మీ. నువ్వు సూసింది గీన్నేనా?"

"కాదు రాజన్నా. నేను సూసినోనికి మీసం ఉండె. గీయన కాదు, ఇడిసిపెట్టుండ్రి."

గుంపు నా మాట వినలేదు. కొట్టారు. అదే చేతిని విరగ్గొట్టారు. తర్వాత పోలీసులు వచ్చి తీసుకుపోయారు, ఫోన్ చూశారు, రసం పైసలు తప్ప ఏమీ లేకపోతే వదిలేశారు. విఠల్ వంతెన దాటి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. ఆ చోట ఇప్పుడు ఎవరో ఫోన్ కవర్లు అమ్ముతున్నారు.

ఆ రోజుతో ఐడీలు ఇవ్వడం మానేశానని రాయాలని ఉంది. మానలేదు. ఊరికి దొంగ దొరికాడు కనుక నా వైపు చూసేవాడే లేడు. అంత నిశ్చింతగా నేను ఎన్నడూ లేను. చివరికి పులి నంబరే ఒకరోజు మాయమైంది. నేను వదల్లేదు, అదే నన్ను వదిలేసింది. రాజన్న ఇప్పటికీ నా ఆటోలోనే వస్తాడు, దిగేటప్పుడు జామకాయలో, కీర కాయలో చేతిలో పెట్టిపోతాడు. నరేశ్ మాత్రం నా ఆటో ఎక్కడు. ఎదురైతే నా మొహంలోకి ఒక్క క్షణం చూసి పక్కకు తిరుగుతాడు. ఎప్పుడు నోరు విప్పుతాడో అని ఆ క్షణం కోసం రోజూ భయపడతాను. విప్పితే బాగుండునని కూడా ఒక్కోసారి అనిపిస్తుంది.

ఒట్టు వేశాను కదా. ఇందులో ఒక ముక్క నేను కల్పించాను. మిగతాదంతా నిజం చెప్పే ధైర్యం కోసమే అది కల్పించానేమో.

"కాదు రాజన్నా" అని నేను అనలేదు.

గుంపు నిజంగానే మీసం దగ్గర ఆగింది. బండి పడేశారు, చెయ్యి పట్టుకున్నారు, అంతే. నా మాట కోసం చూస్తున్నారు. విఠల్ కూడా నా వైపే చూశాడు, తెలిసిన మొహం ఒకటి కనిపించిందన్నట్టు కొంచెం తేరుకున్నాడు. నేను కాదంటే వదిలేసేవాళ్లు. కానీ అప్పుడు రాజన్న, "మరి ఇంకెవడు?" అనేవాడు. మళ్లీ అద్దంలోంచి నన్ను చూసేవాడు. పైగా నా కథలో ఎక్కడ అతుకు ఊడినా అక్కడికక్కడ కుట్టేయడం నా నోటికి అలవాటు.

"గీడే రాజన్నా," అన్నాను. "మీసం గొరిగించుకున్నడు, గంతే."

అప్పుడు పడింది మొదటి దెబ్బ. నేను ఆ మాట అన్నాకే.

రాసేశాను. క్షమించమని మిమ్మల్ని అడగను, దెబ్బలు తిన్నది మీరు కాదు కదా. ఇన్నేళ్లలో దీన్ని పైకి చెప్పడం ఇదే మొదలు. కొంచెం ఊపిరాడుతోంది.