పది బెజ్జాల మట్టి బాతు

మా ఇంట్లో పొద్దు పొడిచినప్పటి నుంచి దెబ్బల చప్పుడే. కుమ్మరి ఇల్లు మరి. తిరిగే సారె మీద నుంచి దిగిన కుండకు అడుగు ఉండదు. లోపల చేత్తో గుండ్రాయి ఆనించి, పైనుంచి చెక్కతో కొట్టి కొట్టి అడుగు మూయాలి, పొట్ట సాగదీయాలి. ఆడవాళ్లం సారెను ముట్టకూడదు, అది మగవాళ్లది. చెక్క మాత్రం మాకూ ఇచ్చేవారు. అరవ నేల మీది ధర్మపురిలో మా వీధి పొడవునా మావాళ్ల ఇళ్లే, అన్నింట్లోనూ అదే తపతప. అది ఆగితేనే ఏమైందోనని తలెత్తి చూసేవాళ్లం. అందుకే మా అన్న మా వదినెను కొట్టే చప్పుడు చాలా నెలలు ఎవరికీ వినపడలేదు. వినపడలేదని వాళ్లు చెప్పారు. నేను అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను.

అన్న యుద్ధానికి పోయి, అది ముగిసిన యేడు తిరిగి వచ్చాడు. నాకప్పుడు పదిహేడు. మొదట బర్మా వైపు పంపారట. అక్కడ కాలికి గాయమైతే బెంగళూరు దగ్గర ఇటలీ ఖైదీల శిబిరానికి కాపలా వేశారు. అక్కడొక ఖైదీకి బీడీ కట్టలిచ్చి తెచ్చుకున్న వస్తువు అతని సంచిలో చొక్కాల మధ్య ఉంది. కాల్చిన మట్టి. అరచేయంత పొడవు, నడుమ లావు, ఒక కొస సన్నం, పక్కన ఊదడానికి పొడుచుకొచ్చిన ముక్కుగొట్టం. పైన ఎనిమిది బెజ్జాలు, కింద బొటనవేళ్లకు రెండు. ఆ ఖైదీ ఊళ్లో ఇవి చేసేవాళ్లు ఉన్నారట. చిన్నవీ పెద్దవీ ఏడు కలిపి, ఏడుగురు కూర్చుని మేళం వాయిస్తారట. వాళ్ల మాటలో దాని పేరుకు బాతుపిల్ల అని అర్థమట. మేం మట్టి బాతు అన్నాం. నాయన దాన్ని గోటితో తట్టి విని, బాగానే కాలింది గానీ నీళ్లు నిలవనిదాన్ని ఏం చేసుకునేదని పక్కన పెట్టేశాడు.

వచ్చిన మూడో రోజే అన్న వదినెను కొట్టాడు. సంగటిలో ఉండ తగిలిందట. జుట్టు పట్టి ఈడ్చి, తల గోడకేసి మోదాడు. గోడ మీది సున్నం ఆమె పాపిట్లోకి రాలింది. ఆ తర్వాత సాకులు కూడా వెతుక్కోలేదు. యుద్ధం వాణ్ణి పాడు చేసిందని అమ్మ ఏడ్చేది. కావచ్చు. కానీ నాయన ఎంత తిట్టినా అన్న చెయ్యి లేవలేదు. నల్లంపల్లి నుంచి కుండలకు వచ్చే రైతు నలుగురిలో అరిచినా లేవలేదు. ఎవరిని కొట్టాలో ఆ యుద్ధానికి బాగా తెలుసు. వదినె ఒకసారి హరూరులోని పుట్టింటికి పోయింది. మూడో రోజు ఆమె తమ్ముడే బస్సులో తెచ్చి దింపి, గడప తొక్కకుండా తిరిగిపోయాడు.

అయితే మట్టి బాతు ఊదేటప్పుడు అన్న పది వేళ్లకూ పని ఉండేది. కళ్లు మూసుకుని, తల వంచి, ఎక్కడివో పాటలు ఊదేవాడు. మెత్తటి గొంతు దానిది, పావురం కువకువలాడినట్టు. ఆ కాసేపే వదినె కూర్చుని తినేది, తల దువ్వుకునేది. అన్న వేళ్లు ఆ బెజ్జాల మీద ఉన్నంతసేపూ నా గుండె కూడా కుదురుగా కొట్టుకునేది.

దాన్ని నాయన పగలగొట్టాడు. మర్నాడు కుండలు కాల్చే ఆవం ముట్టించాలి, అందులో పేర్చాల్సిన కుండలింకా వాకిట్లోనే ఉన్నాయి, అన్న అరుగు మీద కూర్చుని ఊదుతున్నాడు. నాయన వచ్చి నోటి దగ్గర నుంచి లాక్కుని రాతికేసి కొట్టాడు. అన్న లేచి నిలబడ్డాడు. నాయన మీదికి పోతాడనే అనుకున్నాను. అతను నాయనను దాటుకుని లోపలికి పోయి, కుండలు తట్టే చెక్క తీసుకున్నాడు. నేను, అమ్మ కలిసి లాగినా ఆగలేదు. ఆ రోజు వదినెకు ముందు పళ్లు రెండు పోయాయి. వీధిలో తపతప సాగుతూనే ఉంది.

పెంకులు నేనే ఏరాను. పగిలింది కాబట్టి లోపలి కిటుకు కనిపించింది. ముక్కుగొట్టంలోని సన్నటి సందు గాలిని తీసుకుపోయి కింద, వేళ్లతో మూయని ఇంకో బెజ్జం అంచుకు కొడుతుంది. కూత పుట్టేది అక్కడ. దీనికి సారె అక్కర్లేదు, కాబట్టి నా చేతికి అడ్డు లేదు. ఇంకొకటి చేసిస్తే అన్న చేతులకు పని దొరుకుతుంది, వదినె బతుకుతుంది. నాకున్న ఆలోచన అదొక్కటే. గెణుసుగడ్డ చుట్టూ మట్టి పొదిగి, రెండుగా కోసి, గడ్డ తీసేసి, మళ్లీ అతికాను. బెజ్జాలు పెంకుల మీద కొలిచి ఈనెపుల్లతో పొడిచాను.

పచ్చి మట్టి ఆవంలో పేలుతుందని మా ఇళ్లలో పాలు తాగే బిడ్డకూ తెలుసు. నాకు తెలియక కాదు. మళ్లీ ఆవం పెట్టేది పదిహేను రోజులకు. అంతవరకు వదినె ఒళ్లు ఆగుతుందన్న నమ్మకం నాకు లేదు. సరిగా ఆరని దాన్ని ఒక పెద్ద కాగు కడుపులో దాచి ఆవంలో పెట్టేశాను. మంట ఎక్కాక లోపల టపీమని పేలింది. ఆవం విప్పి చూస్తే కాగు ముక్కలై, పక్కనున్న కుండలన్నీ నెర్రెలిచ్చి ఉన్నాయి. కాగు పెంకుల్లో నా బెజ్జాల ముక్క దొరికింది నాయనకు.

నాయన అంతవరకు నన్నెన్నడూ కొట్టలేదు. ఆ రోజు వీపు మీద, తొడల మీద, ఎక్కడ దొరికితే అక్కడ చెక్కతో బాదాడు. నేను కింద పడ్డాక కూడా ఆపలేదు. వదినె వచ్చి నా మీద పడింది. తర్వాతి దెబ్బ ఆమె మణికట్టు మీద పడి ఎముక విరిగిన చప్పుడు నాకు చెవి పక్కనే వినిపించింది. అన్న గడపలో నిలబడి బీడీ కాలుస్తూ చూశాడు. అన్నను అసహ్యించుకోవడం నాకు ఆ రోజు మొదలైంది, అతను పోయేవరకు తగ్గలేదు. ఎందుకు చేశానో ఆ సాయంత్రం వదినెకు చెప్పాను. ఆమె కట్టు కట్టిన చెయ్యి ఒళ్లోకి తీసుకుంది.

"ఈ తూరి బాగా ఎండనియ్యి అమ్మణ్ణీ, నేను తాళుకుంటాను" అంది.

రెండోదాన్ని పొయ్యి పైనున్న అటక మీద రాగుల పొట్టులో ఆరబెట్టాం. ఆమే రోజూ తిప్పి పెట్టేది. ఆ రోజుల్లో ఆమె తిన్న దెబ్బలు నేను రాయను. ఈసారి ఆవంలోంచి చెక్కుచెదరకుండా వచ్చింది, కానీ మట్టి కాలితే కుంచించుకుపోతుంది కదా. పెంకులకు సరిగ్గా కొలిచి చేసింది చిన్నదైపోయింది. గొంతు సన్నబడి, పావురం కాస్తా గద్ద అయింది.

కడత్తూరు సంత రోజున, బండికి కుండలెత్తుతుండగా దాన్ని అన్నకిచ్చాను. అటూ ఇటూ తిప్పి చూసి ఊదాడు. వేళ్లు ఆనించి ఇంకోసారి ఊదాడు. 

"ఇది అది కాదు. కూస్తాది, అంతే" అని పక్కనున్న తొక్కుడు మట్టిలోకి విసిరేశాడు. మెత్తటి మట్టి కాబట్టి పగల్లేదు.

అదే నిమిషంలో వదినె మోస్తున్న కుండ, ఆ మణికట్టు నిలవక, జారి పగిలింది. అన్న చెక్క అందుకున్నాడు. మొదటి దెబ్బకు ఆమె మోకాళ్ల మీద పడింది, రెండోదానికి మట్టిలో బోర్లా పడింది. అన్న దెబ్బ మీద దెబ్బ వేస్తున్నాడు. ఎదురింట్లోనూ పక్కింట్లోనూ తపతప, అందరూ తమ కుండలు తట్టుకుంటున్నారు. ఆమె విరగని చెయ్యి మట్టిలో తడుముతూ ఆ బాతును పట్టుకుంది. నెత్తుటి నోట్లో పెట్టుకుని, రొమ్ములో ఉన్న ఊపిరంతా పెట్టి ఊదింది.

పోలీసు ఈలకన్నా ఘోరమైన కూత అది. వీధిలో చెక్కలు ఒకటొకటిగా ఆగిపోయాయి. తలుపులు తెరుచుకున్నాయి, జనం వచ్చేశారు. ఆమె ఊదుతూనే ఉంది. అన్న చేతిలోని చెక్క జారిపోయింది. రెండు చేతులూ తొడలకు ఆనించి, మడమలు కలిపి, పటాలంలో నిలబడినట్టు బిగుసుకుపోయాడు. అంత మనిషి ఈలకు అలా నిలబడతాడని తెలియక మేం ఎన్ని నెలలు చచ్చామో.

ఎదురింటి అవ్వ నోరు చేత్తో మూసుకుని, "కుండలు తట్తాండారనుకుంటిమి గదమ్మా" అంది.

వదినె నోట్లోని నెత్తురు మట్టిలో ఉమ్మింది.

"కుండకు నెత్తురొస్తాదా అవ్వా?"

 నాయన తన సొంత వాకిట్లో తల దించుకోవడం నేను చూసింది అదే మొదలు. ఆ తర్వాత రెండుసార్లు అన్న చెయ్యెత్తాడు. రెండుసార్లూ ఆమె ఊదింది, రెండుసార్లూ వీధి వీధంతా వచ్చింది. మూడోసారి ఎత్తలేదు. మారాడని నేననను. భయపడ్డాడు. మాకు అది చాలు.

నన్ను చిత్తూరు వైపు ఇచ్చారు. నలభై దాటాక అక్కడే తెలుగు అక్షరాలు నేర్చుకున్నాను, లేకపోతే ఇది రాసేదాన్ని కాదు. దాని అసలు పేరు ఒకరీనా అని ఈమధ్య మనవడు ఫోనులో చూపించాడు. మెడలో వేసుకునే నాలుగు బెజ్జాలవీ, ప్లాస్టిక్కువీ, లోపల రెండు మూడు గదులున్నవీ ఉన్నాయట. కంప్యూటరు ఆటల్లో పిల్లలు దాన్ని ఊది మాయలు చేస్తారట. వాయించడం ఎంత సులువో చూడమన్నాడు. చూశాను.

వదినె పోయినప్పుడు ఆమె కోడలు దాన్ని నాకు పంపింది. తాళిబొట్టు పక్కనే నల్లదారానికి కట్టుకుని, పోయేవరకు తీయలేదట. ముక్కుగొట్టం అరిగి నున్నబడింది. ఆ పది బెజ్జాలూ అన్న వేళ్లకు సరిపోవాలని నేను ఎంత కొలిచి పొడిచానో నాకింకా గుర్తుంది. ఆమె వాటిలో ఒక్కదాన్నీ ఏనాడూ మూయలేదు.