దోమలబాబుగారు

ఇప్పటికీ ఎక్కడ సాంబ్రాణి వాసన తగిలినా గున్నేశ్వరరావుకి కాకినాడ జాలర్ల వీధి గుర్తొస్తుంది. ఎనభైల్లో, దోమకాటుతో బోదకాలు ఎలా వ్యాపిస్తోందో పరిశోధించే డాక్టర్ల దగ్గర దోమలు పట్టే ఉద్యోగం అతనిది. తెల్లవారుతూనే చెప్పులు గుమ్మంలో విడిచి, టార్చి వేసి, దండెం మీది చీరల వెనక వాలిన దోమకి గాజుగొట్టం ఆనించి, రెండో కొస నోట పెట్టుకుని మెల్లగా ఊపిరి పీల్చేవాడు. దోమ రెక్క నలగకుండా గొట్టంలోకి వచ్చేది. దోమలబాబుగారొచ్చారని ప్రతి ఇంట్లోనూ పీట వేసేవారు.

తలుపులమ్మ ఇల్లు మురుగుకాలవ పక్కనే. ఆవిడ కాలు అప్పటికే బోదకాలు. అయినా, వీధిలో మిగతా ఇళ్లల్లో ఒకటీ అరా దొరికినా, ఆ ఇంట్లో ఎప్పుడూ ఒక్క దోమా దొరికేది కాదు. ఇదేంటని అడిగితే, "మీరొత్తారని ముందే సాంబ్రాణి పొగేత్తానండి. ఇంటికొచ్చినోళ్లని దోమలు కుడితే మాకు మర్యాదాండి?" అంది. వీధంతా చేస్తున్నది అదేనట. గున్నేశ్వరరావు పీట మీద కూలబడ్డాడు.

"దోమల్లేవని రాస్తే ఈ కాలవకి మందు కొట్టరు తలుపులమ్మా."

మళ్లీ వెళ్లేసరికి ఇంట్లో పొగ లేదు. తలుపులమ్మ చేతుల నిండా దద్దుర్లు.

"రాత్రి కిటికీ తీసే పడుకున్నామండి, పిల్లలతో సహా. ఈసారి మీకు లోటు చెయ్యలేదు," అంది.

గోడ నిండా దోమలే. గొట్టం నోట పెట్టుకున్నాడు గానీ, చాలాసేపటి దాకా గున్నేశ్వరరావుకి ఊపిరి పీల్చబుద్ధి కాలేదు.