ఒకే రిడిమ్ మీద మూడు గొంతులు

ఢిల్లీ మునిర్కాలో మేముండే రెండు గదుల్లో ఒకటి మా తమ్ముడిది. కిటికీకి అడ్డంగా పరుపు నిలబెట్టి అక్కడే పాటలు రికార్డు చేసేవాడు. ఆ వేసవిలో వాడొక రిడిమ్ తయారుచేశాడు. డాన్స్‌హాల్ అనే జమైకా పాటకి అడుగున నడిచే డ్రమ్సూ బేసూ అన్నమాట, మాటలుండవు. జమైకాలో ఒకే రిడిమ్‌ని చాలామంది గాయకులకిస్తారు. ఎవరి పాట వాళ్ళు కట్టుకుని పాడతారు, అన్నీ కలిపి విడుదల చేస్తారు. తమ్ముడూ అలాగే ముగ్గురికిచ్చాడు: ఇంటి ఓనర్ మేనల్లుడికి, మా చర్చిలో పాడే నర్సుకి, కాంగో నుంచి చదువుకోడానికొచ్చిన ఒకతనికి.

మేనల్లుడు ముందు పాడాడు, హర్యాన్వీలో. నిజంగానే బాగా పాడాడు. అదే రిడిమ్ మీద ఇంకో ఇద్దరు పాడతారని తమ్ముడు అతనికి చెప్పలేదు. దాచాలని కాదు, తెలిసే ఉంటుందనుకున్నాడు.

నర్సు ఆ రిడిమ్ మీద తను పాడిన తెలుగు పాట ముక్క ఒకటి ఫోన్లో స్టేటస్‌గా పెట్టింది. అది విని ఆ ఆదివారం మధ్యాహ్నం మేనల్లుడు ఇద్దరు స్నేహితుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. నేను మా పాపకి పెరుగన్నం పెడుతున్నాను.

"మేరా గానా ఉస్ నర్స్ కో బేచ్ దియా?" అన్నాడు, నా పాట ఆ నర్సుకి అమ్మేశావా అని, మామూలుగానే.

తమ్ముడు రిడిమ్ సంగతి చెప్పబోయాడు. మొదటి మాటకే చెంప పగిలింది. వాడు మళ్ళీ చెప్పాడు. జుట్టు పట్టుకుని తలని ఇనప బీరువాకేసి కొట్టారు. పాప ఏడవకుండా నా అరచేత్తో నోరు మూశాను. దాని పళ్ళు నా వేలిలో దిగాయి. ఎదురింటి ఆంటీ చూసి తలుపేసుకుంది.

మేనల్లుడు లాప్‌టాప్ ఎత్తాడు, నేలకేసి కొట్టడానికి.

"భయ్యా, ఆప్‌కా గానా భీ ఉసీ మే హై," అన్నాను, మీ పాటా అందులోనే ఉందని.

ఆగాడు. దాన్ని మంచం మీద జాగ్రత్తగా పెట్టాడు. తర్వాత తమ్ముడి కుడిచెయ్యి తలుపు సందులో పెట్టించి, తలుపు కాలితో తన్నాడు.

మూడు వేళ్ళు విరిగాయి. పోలీసుల దగ్గరికెళ్తే ఓనర్ సామాను వీధిలో పడేస్తాడని మా ఆయన భయం, నాదీ అదే. ఇల్లు మారిపోయాం. విడుదలకి ముందు ఆ మేనల్లుడి పాట తీసెయ్యమని తమ్ముడితో పోట్లాడాను.

"తియ్యనక్కా. రిడిమ్ ఇచ్చాక వాడి పాట వాడిదే. తీసేస్తే, రిడిమ్ మీద ఒక్కడి పాటే ఉండాలన్న వాడి మాటే నిజమైపోద్ది," అన్నాడు.

ఎడమచేత్తోనే పని పూర్తిచేసి మూడూ విడుదల చేశాడు. ఇంట్లో అవి వరసగా మోగుతాయి. ఆ మేనల్లుడి గొంతు రాగానే పాప నడుము ఊపుతూ నన్నూ రమ్మని చెయ్యి చాపుతుంది. వంటింట్లోకెళ్ళి కుళాయి తిప్పి, ఆ పాట అయ్యేదాకా అక్కడే నిలబడతాను.